పంతొమ్మిదో భాగంలో ముఖం

తప్పిపోయిన భాగాలట. తప్పిపోవడానికి అవేమైనా సంతలో అమ్మ చెయ్యి వదిలేసిన పిల్లలా? తుడిచేశారు. పట్టపగలు, నెలనెలా జీతం పుచ్చుకుంటూ, ఫ్యాను కింద కాళ్లు చాపుకుని తుడిచేశారు. ఆ ముక్క అనడానికి ఒక్కడికీ నోరు రాదు. గ్రంథాలయం మేడమీది హాల్లో గోడకి తెల్లగుడ్డ కట్టి, దాని మీద ఇంతింత అక్షరాలు వేశారు, ‘తప్పిపోయి దొరికిన పంతొమ్మిదో భాగం’ అని. ఎక్కడ దొరికింది? దొరకలేదు. నలుగురు పిల్లలు కూర్చుని బొమ్మలు గీసి, మధ్యమధ్య పాత ఫొటోలు అతికించి, ఎవరో తన కొట్లో టేపురికార్డరులో పట్టుకున్న శబ్దాన్ని దానికి తగిలించి, ఇదిగోనండీ భాగం అంటున్నారు. ఆవు పోయిందని ఏడుస్తుంటే ఆవు బొమ్మ గీసిచ్చి పితుక్కోమన్నట్టుంది వీళ్ల వరస, అనుకుని పొలుసుడు పళ్లు పటపటా కొరికాడు. ఉన్నవి ఎనిమిదే కాబట్టి ఆ పటపట పక్క కుర్చీకి కూడా వినపడలేదు.

పొలుసుడన్నది కన్నవాళ్లు పెట్టిన పేరు కాదు. యాభై ఏళ్ల కిందట, వీధికొక టీవీ ఉంటే గొప్ప అనుకునే రోజుల్లో, శనివారం సాయంత్రాలు ‘చుక్కల పడవ’ అని ఒక సీరియల్ వచ్చేది. చుక్కల మధ్య దారి తప్పిన పడవ, దానికో కెప్టెనమ్మ, ఆ పడవని గ్రహం నుంచి గ్రహానికి వదలకుండా వెంటాడే ఒక పొలుసుల జంతువు. ఇరవై ఆరు వారాలు ఆ జంతువు తోలులో దూరి నడిచినవాడు మనవాడే. అందులో ఇరవై అయిదు వారాలు ఆయన ముఖం దేవుడికి కూడా కనపడలేదు. పంతొమ్మిదో వారం మాత్రం, పడవ తలుపు దగ్గర, ఆ జంతువు తన తలని తానే ఊడబెరుక్కుంటుంది. లోపల ఒక మనిషి ఉంటాడు. ఆ మనిషి నోరు విప్పుతాడు. ఆ ముఖం ఆయనది. నలభై సెకన్లు. ఈ లోకంలో డెబ్భై ఆరేళ్లు బతికితే కెమెరా ఆయన్ని ఆయనగా చూసింది ఆ నలభై సెకన్లే, వాటిని కూడా తుడిచిపారేశారు.

ఎవడు తుడిచాడో తెలుసు. టీవీ స్టేషనులో టేపుల స్టోరు ఆఫీసరు. చెవి సందున ఎర్ర పెన్సిలు, మెడ చుట్టూ తువ్వాలు, మాట్లాడుతున్నంతసేపూ మనిషి వంక కాకుండా అలమర వంక చూసే రకం. పెళ్లయిన ఏడాదే మనవాడు చేతులు నలుపుకుంటూ ఆ స్టోరుకి వెళ్లాడు, పంతొమ్మిదో భాగం ఒక్కసారి వేసి చూపించండి, మా ఇంట్లో మనిషిని తీసుకొస్తాను, గుమ్మం దగ్గరే నిలబడి చూసి పోతాం అని. ఆఫీసరు అలమరలోంచి ఒక టేపు లాగాడు. అట్ట మీద చుక్కల పడవ అన్న అక్షరాలని ఎర్రగీతతో కొట్టేసి ఉంది. పక్కన ‘మళ్లీ వాడవచ్చు’ అని, దాని కింద ‘టైపు నేర్చుకుందాం, ఏడో పాఠం’ అని. “టేపులు చెట్లకి కాస్తాయటయ్యా? వెయ్యాల్సింది వేశాం, చూసేవాళ్లు చూసేశారు. ఇంకా ఎవడికి కావాలి?” అన్నాడు. “మా ఇంటావిడకండీ” అన్నాడు మనవాడు. “అయితే ఆవిణ్ణి టైపు నేర్చుకోమను, పనికొస్తుంది.” ఆ పూటే ఆ పెన్సిలు లాగి ఆయన ముక్కులో దూర్చి ఉండవలసింది. దూర్చలేదు. నమస్కారం పెట్టి వచ్చాడు. ఆ నమస్కారం తలుచుకుంటే ఇప్పటికీ అరచేతులు మండుతాయి. తన ముఖం ఉండవలసిన చోట ఎవరివో పది వేళ్లు, గోళ్లు కత్తిరించుకున్న శుభ్రమైన వేళ్లు, టపటపా మీటల మీద ఎగురుతూ. అవి కూడా ఎవడూ చూసి ఉండడు, ఏడో పాఠం దాకా ఎవడు కూర్చుంటాడు గనక.

తెర మీద పడవ కదిలింది. కదలడమంటే ఏముంది, పెళ్లిపత్రికని బల్ల మీద తోసినట్టు ఇటునుంచి అటు జరిగింది. మధ్యాహ్నం మూడు గంటల ఎండ పరదా సందుల్లోంచి వచ్చి చుక్కల మీద పడుతోంది. శబ్దం మాత్రం అసలుదే. ఒక టైలరు ప్రతి శనివారం టీవీ పక్కన టేపురికార్డరు పెట్టి సీరియల్ మొత్తం పట్టుకున్నాడట, పని ఆపడానికి వీల్లేక మిషను తొక్కుతూనే. కెప్టెనమ్మ “ఇంధనం అయిపోయింది, ఇక మనకి తెల్లవారదు” అని వణుకుతున్న గొంతుతో అంటుంటే వెనకాల టకటకటక, ఆగి, మళ్లీ టకటకటక. ఈ బొమ్మలన్నీ గీయించిన అమ్మాయి మొదలుపెట్టే ముందే చెప్పింది, మిషను చప్పుడు తీసేస్తే మాటలు కూడా పీలికలవుతున్నాయి, అందుకని ఉంచేశామని. దానికి హాలంతా చప్పట్లు. దేనికయ్యా చప్పట్లు, కుట్టుమిషనుకా? అరవై మంది ఉన్నారు, అరవైలో యాభై మంది అప్పటికి పుట్టనే లేదు, బనీన్ల మీద తన తోలు బొమ్మ అచ్చేయించుకుని వచ్చారు, ఒక్కడికైనా ఆ తోలు ఎంత బరువో తెలుసా? కుడిపక్క కుర్చీలోంచి భార్య ఆయన చెవి దగ్గరికి వంగి, “పరదాకి అంచు కుడుతున్నాడండీ, ఇదిగో ఇప్పుడు మూల తిప్పాడు” అంది. చుక్కల నడుమ పడవ మునిగిపోతుంటే ఈవిడకి పరదా అంచు వినపడింది. చిన్నప్పటి నుంచీ ఈవిడ చెవే అంత, కళ్లకే ఈమధ్య మసక. అందుకే మొన్న కొత్త అద్దాలు వేయించి, ఇవాళ మొదటి వరసలో కూర్చోబెట్టాడు. ఎడమపక్క కుర్చీలో ఆవిడ అన్నగారు, వడ్రంగి బావ, గడ్డం గుండెల మీద ఆనించి హాయిగా గురక పెడుతున్నాడు. ఎందుకు రమ్మన్నట్టు ఈయన్ని? రమ్మనలేదు. చెల్లెలు రమ్మంది.

తోలు. రబ్బరు, స్పంజి, లోపల గోనె అస్తరు. వీపున పద్దెనిమిది కొంకీలు; వాటిని పెట్టాలన్నా తియ్యాలన్నా కుట్టుపని ఆవిడ ఒక్కతే; ఆవిడ భోజనానికి వెళ్తే లోపలివాడు లోపలే. కళ్లకి కన్నాలు లేవు. గొంతు మడతలో జానెడు జల్లెడగుడ్డ, అందులోంచి చూస్తే ముందర మూడడుగుల నేల, కేబులు తీగలు, ఎవరివో చెప్పులు. మనుషుల్ని చెప్పులతోనే గుర్తుపట్టేవాడు. లైట్ల వేడికి లోపల జిగురు వాసన, కాలిన రబ్బరు వాసన, వాటిని మించి తన వాసన. ఇదంతా నిజం. నిజం దగ్గర ఆగిపోతే ఆయన పొలుసుడెందుకవుతాడు? తోలు విప్పినప్పుడల్లా రెండు బకెట్ల చెమట కారేదనీ, ఆ ఏడు వేసవిలో స్టూడియో పూలమొక్కలు దాని మీదే బతికాయనీ చెప్పేవాడు. విప్పి కొక్కేనికి తగిలిస్తే అది అలవాటు కొద్దీ తనంతట తానే నడిచి క్యాంటీను వరసలో నిలబడేదనీ, ఒకరోజు వడ్డించేవాడు తల ఎత్తకుండా దాని చేతికి ప్లేటు కూడా ఇచ్చాడనీ చెప్పేవాడు. షూటింగు మధ్యలో గాలి కోసం రోడ్డు మీదికి వస్తే ట్రాఫిక్ పోలీసు ఈల నోట్లోనే మింగేశాడనీ, ఆ తరవాత జీవితాంతం నవ్వినప్పుడల్లా ఈల మోగేదనీ చెప్పేవాడు. చెబుతున్నప్పుడు ఎదుటివాళ్ల కళ్లు పెద్దవయ్యేవి చూడండి, అది చూస్తే ఆయనకి కడుపు నిండేది. ఇంకో ముద్ద, ఇంకో ముద్ద అని తనే వడ్డించుకునేవాడు.

వాటన్నిటికీ మొదటి శ్రోత భార్యే. మొదటి రెండేళ్లు పడీపడీ నవ్వింది. తరవాత పనులు చేసుకుంటూ నవ్వింది. తరవాత “ఊఁ” అంది. తరవాత ఊఁ కూడా అనలేదు. నమ్మకం ఒక్కరోజున పోలేదు, సబ్బుబిళ్లలాగ అరిగింది, అది ఎప్పుడు చేతిలోంచి జారి తూములోకి పోయిందో ఇద్దరూ చూసుకోలేదు. పదకొండేళ్ల కిందట ఒక పొద్దున ఛాతీ మీద ఏనుగు కూర్చుందే అన్నాడు. “ఎంత ఏనుగండీ, దంతాలున్నాయా?” అంటూ ఆవిడ ఆరిన బట్టలు మడతపెట్టుకుంది. ఆయన గోడ పట్టుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం దాకా మడతలే. ఆసుపత్రికి చేరేసరికి సాయంత్రమైంది. ఇంత ఆలస్యమా, చదువుకున్నవాళ్లేనా మీరు అని డాక్టరు ఎగిరిపడితే ఆవిడ కుళ్లికుళ్లి ఏడ్చింది. ఆయన బతికి మామూలు వార్డుకి వచ్చాక మాత్రం మీద పడి కొట్టినంత పని చేసింది: “నేనేం చెయ్యను చెప్పండి? మీ నోట్లోంచి వచ్చేదాంట్లో ఏది నిజమో నాకెట్లా తెలియాలి? ఒక్కటి. ఒక్కటంటే ఒక్కటి నిజమని చూపించండి. మిగతావి మీరేం చెప్పినా గమ్మున లేచొస్తా.” ఒక్కటి. పక్క మంచం రోగి కూడా విన్నాడు. ఆ రోజు నుంచీ ఆయన మనసులో ఆ ఒక్కటీ ఈ పంతొమ్మిదో భాగమే. తన బతుకులో దానికొక్కదానికే తను ఏమీ కలపలేదు, కలపక్కర్లేదు, ముఖం ముఖమే. మళ్లీ ఏనుగు ఎప్పుడొచ్చి కూర్చుంటుందో తెలీదు. అది వచ్చే లోపల ఈవిడ నమ్మాలి.

ఇంతలో తెర మీద తను వచ్చాడు. అంటే పొలుసుడు వచ్చాడు. ఛీ, వీడెవడు? ఎడమకాలు ఈడుస్తున్నాడు! తను ఏనాడైనా కాలు ఈడ్చాడా? ఆ నడక కోసం నెల రోజులు చెప్పుల దుకాణం ఎదురుగా నిలబడ్డాడు, కొత్త చెప్పులు కరిచినవాళ్లు ఇంటికి ఎలా నడుస్తారో చూడ్డానికి. పాదం మోపడమా మానడమా అన్నట్టు, నేలకి కోపమొస్తుందేమో అన్నట్టు. అది నడక. ఇదేమో మోకాలి నొప్పి. తోక కూడా తప్పే. తోక లోపల ఇనప తీగ ఉండేది, మలుపు తిరిగితే తను తిరిగాక ఒక క్షణానికి అది తిరిగేది, సెట్టు మీద గ్లాసులన్నీ పడగొట్టేది. వీళ్ల తోక అద్దె తోకలాగ వెనక వేలాడుతోంది. వెనక వరసలో ఒక కుర్రగొంతు, “అబ్బ, ఏం నడకరా బాబూ, అప్పట్లోనే!” అంది. లేచి వెనక్కి తిరిగి, ఒరేయ్ అది నడక కాదురా, అప్పట్లో నేను నడిచింది నీకెవడూ చూపించలేదురా అని అరవాలనిపించింది. కుర్చీ పిడి గట్టిగా పట్టుకున్నాడు. ఆగు. నడక పోతే పోనీ. తోక పోతే పోనీ. ఇంకో నాలుగు నిమిషాల్లో తల లేస్తుంది. భార్య అద్దాలు తీసి, చెంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుంది. ఆవిడ కూడా లెక్కపెట్టుకుంటోందన్న మాట. పెళ్లిచూపులనాడు కూడా ఆయనకి ఇంత కంగారు లేదు.

పడవ తలుపు. మంచు. కెప్టెనమ్మ తుపాకి ఎత్తింది. పొలుసుల చేతులు రెండూ పైకి లేచి తల చుట్టూ పట్టుకున్నాయి. హాల్లో ఒక్క కుర్చీ కిర్రుమనలేదు. తల కదిలింది, లేచింది, పక్కకి తప్పుకుంది. బొమ్మే అయినా ఎంత శ్రద్ధగా గీశారని, వెంట్రుక వెంట్రుకకీ లెక్క ఉంది. వెడల్పాటి నుదురు. ఎడమ కనుబొమ మీద పుట్టుమచ్చ. దువ్వి మెలిపెట్టిన బారు మీసం.

“అదేమిటి! మా అన్నయ్య!” అంది భార్య, మెల్లగా కాదు, హాలు మొత్తానికి.

బావ గురక ఆగింది. కళ్లు తెరిచాడు, తెర వంక చూశాడు, ఎనభై రెండేళ్ల వయసులో అద్దంలో తనకి తను కనపడినట్టు చెయ్యెత్తి మీసం తడుముకున్నాడు. అదే నుదురు, అదే మచ్చ, మీసం ఒక్కటే తెల్లబడింది. “బాగానే గీశారు బావా, ముక్కే కాస్త లావు చేశారు” అన్నాడు. “నువ్వా అన్నయ్యా చేసింది? ఇన్నాళ్లూ నువ్వా?” అంది ఆవిడ, ఆయన మీంచి వంగి, ఆయన అక్కడ లేనట్టు, ఆయనేదో గుమ్మమైనట్టు. “ఏమోనమ్మా, కనపడుతోందిగా” అన్నాడు బావ, అని నవ్వాడు. ఆ నవ్వు! పొలుసుడికి ఒళ్లంతా ఒక్కసారి నిప్పంటుకుంది. ఒక్క మాట, లేదమ్మా, అది మీ ఆయనే చేశాడు, నేను ఊరికే తొడుక్కుని చూశాను అని ఒక్క మాట చెబితే ఈ పెద్దమనిషి సొమ్మేం పోతుంది? చెప్పడు. నలభై ఎనిమిదేళ్లుగా ఇంతే. పెళ్లిలో కూడా నలుగురి ముందూ, మా చెల్లెల్ని తోలుకిచ్చి చేశామండీ, లోపల ఎవరున్నారో ఇంకా విప్పి చూడలేదు అని నవ్వించాడు. ఆ సీరియల్ సెట్లన్నీ కొట్టింది ఈయనే. ఆ పడవ తలుపు ఈయన చేసిందే. సీరియల్ అయిపోయాక బల్లలు చేశాడు, అలమరలు చేశాడు, ఈ గ్రంథాలయంలో కింద ఉన్న అరలు సగం ఈయనవే. బావ చేసిన బల్లని తుడిస్తే మెరుస్తుంది. తను చేసిన పనిని తుడిస్తే టైపు పాఠం వస్తుంది. ఇన్ని బల్లలున్న మనిషికి, ఊరి నిండా గుర్తులున్న మనిషికి, నా నలభై సెకన్లు కూడా కావలసివచ్చాయా?

ఈ ముఖం ఏ ఫొటో చూసి గీశారో, ఆ ఫొటో ఎప్పటిదో కూడా తెలుసు. భోజనాల వేళ. తను తోలు విప్పి, బనీను పిండుకుంటూ మెట్ల మీద కూర్చున్నాడు. బావ మేకుల డబ్బా కింద పెట్టి, చూద్దాం ఇందులో ఏముందో అని కాళ్లు దూర్చాడు. కుట్టుపని ఆవిడ నవ్వుతూ కొంకీలు పెట్టింది. స్టిల్ ఫొటోగ్రాఫరు, జంతువు తలని చంకలో పెట్టుకో అన్నయ్యా అని ఒకటి నొక్కాడు. ఫొటో నొక్కగానే బావ, “అమ్మో, ఇందులో మనుషులుంటారటయ్యా” అని విప్పేసుకున్నాడు. మూడు నిమిషాలు. ఇరవై ఆరు వారాలు ఉన్నవాడికి ముఖం లేదు, మూడు నిమిషాలు ఉన్నవాడికి ముఖం వచ్చింది. దీనికి బాధ్యులెవరు? ఆ బొమ్మల అమ్మాయి. అదుగో గోడ పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉంది, కళ్లలో నీళ్లు కూడానూ. ఎవరి ముఖమో తెలుసుకోకుండా గీస్తారా? అడగొద్దూ? నేనింకా బతికే ఉన్నానే, ఫోను నంబరుంది, ఒక్క ఫోను చేసి అడిగితే...

అడిగింది.

రెండేళ్ల కిందట, కంటి ఆపరేషనయిన వారం. ఒక కంటికి కట్టు, ఇంకో కంటికి మసక. ఫోను మోగింది. “తాతగారూ, మీ ఫోనుకి ఒక ఫొటో పంపాం. తల చంకలో పెట్టుకుని నిలబడింది మీరేనా? దీన్ని చూసే ముఖం గీస్తున్నాం, అందుకని ఒకటికి రెండుసార్లు అడుగుతున్నాం” అంది. చెయ్యి బారు చాపి చూశాడు. ఆకుపచ్చగా ఏదో, దాని మీద గుండ్రంగా ఇంకేదో. పక్క గదిలోనే భార్య ఉంది. ఇలా రావే, ఇదెవరో చూడు అంటే అయిపోయేది. పిలవలేదు. ఎందుకు పిలుస్తాడు, చూపు ఆనడం లేదని ఆ పిల్లకి తెలియాలా? “నేను కాక మీ తాతా?” అన్నాడు. ఆ అమ్మాయి నవ్వింది. నవ్వి, “అప్పుడు మీకు మీసం ఉండేదా తాతగారూ?” అంది. అదుగో అక్కడ. అక్కడ ఒక్క క్షణం ఆగి ఉంటే. మీసం ఎక్కడిది, రబ్బరులో గుచ్చుకుంటుందని వారానికి రెండుసార్లు నున్నగా గొరిగించేవారు. లేదమ్మా అనడానికి ఎంతసేపు పడుతుంది? కానీ అవతల ఒక పిల్ల చెవులు నిక్కించుకుని ఉంది, కళ్లు కూడా పెద్దవి చేసుకునే ఉంటుంది. ఆ సంబరంలో ఆయన నోరు ఆయన మాట ఎప్పుడు విన్నది గనక. “మీసమా? ఆ మీసానికి విడిగా ఉత్తరాలొచ్చేవమ్మాయ్. అది పెరిగేదాకా డైరెక్టరు మూడు నెలలు షూటింగు ఆపేశాడు. ఒక నిమ్మకాయ ఇటు, ఒక నిమ్మకాయ అటు నిలబెట్టేవాణ్ణి” అన్నాడు. రాసుకున్నాం తాతగారూ అంది. రాసుకున్నారు. గీశారు. నిమ్మకాయలు నిలబడేటంత బాగా గీశారు.

అంటే ఆ ఎర్రగీత రెండోసారి గీసింది తనే. ఒకడు జీతం తీసుకుని తుడిచాడు, తను ఊరికే, ఉబుసుపోక తుడుచుకున్నాడు. ఎవరి మీద విరుచుకుపడాలిప్పుడు? తెర చింపాలా, ప్రొజెక్టరు తన్నాలా, ఈ నాలుకని పట్టుకుని లాగాలా? లేచి నిలబడి, అయ్యా అది నేను కాదు, నాకు మీసం లేదు, నేను అబద్ధమాడాను అంటే ఈ అరవై మందీ ఏమంటారు? తాతగారు మళ్లీ మొదలుపెట్టారని చప్పట్లు కొడతారు. భార్య ఆయన వంక చూడటం లేదు. తెర వంకే చూస్తోంది, పెదవులు బిగించి, ఆస్పత్రి వరండాలో నిలబడినట్టు. ఆ ఒక్కటీ కూడా పోయింది ఆవిడ లెక్కలో. అన్న చేసిన పనిని మొగుడు తనదని చెప్పుకున్నాడు, అదీ సొంత చెల్లెలి దగ్గరే, నలభై ఎనిమిదేళ్లు! ఛాతీలో ఎక్కడో చిన్న బరువు, ఏనుగు కాదు, ఏనుగు పిల్ల. చెబితే నమ్మేదెవరు?

తెర మీద బావ నోరు తెరుచుకుంటోంది. తెరుచుకో, తెరుచుకుని నా మాటలు కూడా చెప్పు. ఎంత ప్రసంగమది! నా గ్రహం బూడిదైంది, నేనూ మీలాంటి మనిషినే, తలుపు తెరవండి అని మొదలుపెట్టి అయిదు నిమిషాలు చెప్పాడు, కెమెరా మనిషి కళ్లు తుడుచుకుంటూ కెమెరా వదిలేశాడు, కెప్టెనమ్మ తుపాకి జారి పాదం మీద పడింది. ఎన్నిసార్లు చెప్పుకున్నాడో ఆ ప్రసంగం, చెప్పినప్పుడల్లా ఒక వాక్యం పెరిగింది. నలభై సెకన్లలో అయిదు నిమిషాలు ఎలా పట్టాయని ఇన్నేళ్లలో ఒక్కసారీ తనని తను అడగలేదు. ఇప్పుడు టైలరు టేపులోంచి ముందు ఊపిరి వచ్చింది. బొంగురు ఊపిరి, రబ్బరు లోపలి నుంచి అప్పుడే బయటపడిన ఊపిరి. టకటక ఆగిపోయింది. టైలరు కాలు తీసేసినట్టున్నాడు. ఊపిరి, ఊపిరి, ఎంతకీ మాట రాదు. అప్పుడు గుర్తొచ్చింది పొలుసుడికి, గుర్తు రాకూడని విధంగా గుర్తొచ్చింది: లైట్ల వెలుగు కళ్లలో గుచ్చుకోవడం, రాసిచ్చిన మాటల్లో ఒక్క అక్షరం కూడా తలలో లేకపోవడం, నాలుక అంగిలికి అంటుకుపోవడం, ఎదురుగా కెప్టెనమ్మ కళ్లతోనే చెప్పవయ్యా చెప్పు అనడం.

“నీళ్లు” అంది తెర.

అంతే. ఒక్క మాట. బతిమాలడం కాదు, అడగడం కూడా కాదు. ఎవరో తెచ్చి తీరతారన్న ధీమాతో, కూర్చున్న చోటు నుంచి కదలకుండా పారేసిన మాట. కెప్టెనమ్మ తడబడకుండా అందుకుంది, “వీళ్ల లోకంలో నీళ్లు ఇంకిపోయాయి, అందుకే మన వెంట పడ్డాడు” అని. హాలంతా ఒక్కసారిగా నిట్టూర్చింది. వెనకెవరో ముక్కు చీదారు. పొలుసుడికి అవేమీ వినపడలేదు. కుడి మోచేతికి చల్లగా ఏదో తగిలింది. చూస్తే నీళ్ల సీసా. భార్య చేతిసంచిలోంచి తీసిన సీసా, మూత అప్పటికే తిప్పి ఉంది. ఆవిడ కళ్లు ఇంకా తెర మీదే, అన్నగారి మీసం మీదే ఉన్నాయి. చెయ్యి మాత్రం తన పాటికి తను సంచిలోకి వెళ్లి, మూత తిప్పి, ఆయన ముందుకి వచ్చి నిలబడింది.

“చూశావా చెల్లాయ్, ఎంత దర్జాగా అడిగానో” అన్నాడు బావ.

ఆవిడ ముందు అన్న వంక చూసింది. తరవాత తన చేతి వంక చూసుకుంది, అది ఎవరిదో అన్నట్టు. తరవాత ఆయన వంక చూసింది, కొత్త అద్దాల్లోంచి, చాలాసేపు.

“నువ్వెప్పుడు అడిగావన్నయ్యా నీళ్లు?” అంది. “నీక్కావాలంటే లేచి ముంచుకుంటావు. ఈ గొంతు నాకు తెలీదా? పొద్దున్న లేచిన దగ్గర్నుంచి రోజుకి ఆరుసార్లు. నలభై ఎనిమిదేళ్లు.”

ఆ మాటలో మురిపెం లేదు. ఎన్నడూ పైకి రాని కోపం ఉంది, ఆయన ఇంతసేపూ పెంచి పోషించిన కోపం దాని ముందు పిల్లకాయ. అవునే, నేనే, చెప్పానా లేదా అనబోయాడు; నోరు ఎండిపోయి మాట రాలేదు. చెయ్యి చాపాడు. ఆవిడ సీసా ఇవ్వలేదు. తల వెనక్కి వంచి, గటగటా సగం తనే తాగి, మూతి తుడుచుకుని, మూత బిగించి, మిగిలింది ఆయన ఒళ్లో పడేసింది.